ఎడమ తలుపు

ప్రమాదం జరిగిన నాలుగో రోజు షెడ్డుకి వెళ్లి కారు తలుపు లాగితే, కాళ్ల దగ్గర పరిచిన పట్టా మీద శనగలు మొలకెత్తి కనిపించాయి. అమ్మకి వాయనంలో ఇచ్చిన నానబెట్టిన శనగలవి. 2024 ఆగస్టు 16, శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. కైకలూరు వైపు బంధువులింట పేరంటం చూసుకుని ఏలూరు తిరిగొస్తున్నాం. రోడ్డంతా చేపల లారీల నుంచి కారిన ఐసునీళ్లు, వాటి మీద సన్నటి జల్లు. ఎదురొచ్చిన లారీకి దారివ్వబోయి బ్రేకు తొక్కాను. బండి మాట వినలేదు. ఎడం పక్కకి జారి, మార్జిన్ దిగి, కల్వర్టు గోడకి ముక్కు కొట్టుకుని ఆగింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది, అంతే. అమ్మ డాష్‌బోర్డు మీదికి తూలిపడి కుడి మణికట్టు విరిగింది. ఒళ్లో ఉన్న శనగలు, తమలపాకులు, అరటిపళ్లు కారంతా చెల్లాచెదురయ్యాయి.

చేతికి పిండికట్టు వేయించుకుని ఇంటికొచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట, "కారుకేమైందే?"

ఆ మాటకి సరైన జవాబు చెప్పడానికి నాకు రెండు నెలలకి పైనే పట్టింది.

అది 1991 నాటి అంబాసిడర్ నోవా. డీజిల్ బండి, లేత నీలం రంగు. నాన్న తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం చేసేవారు. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లోడ్లు దిగే ఆ మార్కెట్లో ఇరవై ఏళ్లు స్కూటరు మీద తిరిగి, చివరికి కొన్న కారు. కొన్న మర్నాడే ద్వారకా తిరుమల తీసుకెళ్లి చినవెంకన్న ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి నడిపించారు. డిక్కీలో ఎప్పుడూ మచ్చు ఉల్లిపాయల గోనెసంచి ఒకటి ఉండేది. ఆయన 2009లో పోయారు. కానీ ఎండాకాలం అద్దాలు మూసి ఉంచి ఒక్కసారిగా తలుపు తీస్తే ఆ వాసన మొన్నమొన్నటి దాకా మొహానికి కొట్టేది.

నేను కారు నేర్చుకున్నది తాడేపల్లిగూడెం రన్‌వే మీద. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువాళ్లు వేసిన విమానాల దారి అది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి. ఊళ్లో వాళ్లకి మాత్రం సైకిలూ స్కూటరూ కారూ నేర్చుకోవడానికి అంత చక్కటి చోటు మిగిలింది. 1993లో, నాకు ఇరవై ఒకటి. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు ఒకే పొడవాటి బల్లలా ఉండేది కాబట్టి నాన్న నాకు ఆనుకునే కూర్చునేవారు. "ఇక్కడ గుద్దుకోడానికి ఏం లేదమ్మా, పోనియ్" అనేవారు. అమ్మ కారులో ఎప్పుడూ ఎడం పక్కనే. కిటికీ అద్దం దించి, తలుపు మీద మోచెయ్యి ఆనించి కూర్చునేది. ముప్ఫై ఏళ్లకి అక్కడ రంగు అరిగి, కింది ఎర్రమట్టి రంగు పూత బయటపడింది. రెండుసార్లు బండికి రంగు వేయించినప్పుడు మళ్లీ కప్పేశారు. మళ్లీ అరిగింది.

నాన్న పోయాక కారు నాతో ఏలూరొచ్చింది. మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఆయన ఉండగానే తీరిపోయింది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి, ఫిట్‌నెస్ రాయించుకోవాలి. 2021లో చేయించింది 2026 దాకా చెల్లేది. నంబరు ప్లేటు మీద ఏపీ 37, అంటే పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడు, 39 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మా ఏలూరు వేరే జిల్లా అయింది. అయినా మా కారు మాత్రం పాత జిల్లాలోనే తిరుగుతున్నట్టు ఉండేది. హైవే మీద ఇంకో 37 బండి కనిపిస్తే మనవాళ్లు అనిపించేది.

ఇక లెక్కలు. తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, ఆ కంపెనీ బళ్లు చేయడం మానేసే పదేళ్లయింది. తుక్కుకిచ్చెయ్, నేనూ కొంత వేస్తాను, అమ్మ కోసం మంచి కారు కొందాం." వాడు చెప్పింది అబద్ధం కాదు. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. రిపేరుకి మేస్త్రి వేసిన అంచనా లక్షా నలభై వేలు. బాగున్న రోజుల్లో అమ్మినా ఆ కారుకి అందులో సగం వచ్చేది కాదు. తుక్కు కింద తూకం వేస్తే ముప్ఫై వేల లోపు. ఇన్సూరెన్సు ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి మాత్రమే ఉంది. పాత బండి మీద అంతకుమించి ఎవరూ కట్టరు, నేనూ కట్టలేదు. పూర్తి పాలసీ ఉన్న బండికైతే నిర్ణయాన్ని చాలావరకు కంపెనీయే తీసుకుంటుంది. పాలసీలో రాసిన బండి విలువలో రిపేరు ఖర్చు 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కింద లెక్కకట్టి డబ్బిచ్చేస్తారు. నాకు ఆ గీత గీసేవాళ్లు లేరు. నేనే గీసుకోవాలి.

ఏలూరులో టింకర్ మేస్త్రి దగ్గర బండి పడి ఉంది. అంబాసిడర్ రేకు సుత్తికి లొంగే రేకు. దాగలి మీద పెట్టి మెల్లగా కొట్టి సాపు చేసి, గ్యాస్ వెల్డింగు పెట్టి, లప్పం రాసి, గీసి, రంగు కొడితే మచ్చ కూడా కనపడదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పని. కానీ ఆయన సుత్తి పట్టుకోలేదు. ముందు ఒక దారం తీశాడు. బండి కింద దూరి, ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి దారం లాగి ముడేశాడు. తర్వాత ముందు కుడి నుంచి వెనక ఎడమకి. రెండు పొడవులూ సమానంగా ఉండాలి. అంగుళమున్నర తేడా వచ్చింది. ఆ ముడుల్ని నా చేతికిచ్చి చూడమన్నాడు. డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించినట్టే ఉంది.

"నాన్నగారి కారులాగా చేసేస్తానండి. ఎవరూ గుర్తుపట్టలేరు" అన్నాడు. కాస్త ఆగి, "అమ్మగారిని మాత్రం ముందు సీట్లో కూర్చోపెట్టకండి" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన ఒకే కారుని రెండు కార్లుగా విడదీసి చూపించాడు. నాన్న కారు బాగవుతుంది. అమ్మని మోసే కారు బాగవదు. అప్పటిదాకా నేను ఆ రెంటినీ ఒకటే అనుకుంటూ వచ్చాను.

ఇంకో విషయం కూడా అప్పుడే నాకు ఎక్కింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ, "అంబాసిడర్ కాబట్టి బతికిపోయారు, ఇప్పటి డబ్బా రేకు కార్లయితేనా" అన్నారు. నేనూ ఆ మాట నమ్మేదాన్ని, గర్వంగా నమ్మేదాన్ని. అది తప్పు. ఇప్పటి కార్ల ముందుభాగాన్ని నలిగిపోవాలనే కడతారు. అది నలుగుతూ గుద్దిన జోరుని మింగేస్తుంది, మనుషులు కూర్చునే గది నలగకుండా నిలుస్తుంది. మా కారు ముక్కు అంత జోరుకి నలగాల్సినంత నలగలేదు. తలుపులకి గీత కూడా పడలేదు. దెబ్బ కారు తినకపోతే మనిషి తినాలి. అమ్మ మణికట్టు తిన్నది అదే. సీటు బెల్టు లేదు, ఎదురుగా ఉన్నది గట్టి ఇనుప పలక. 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, తర్వాత పక్క సీటుకీ. ఈ సంగతులన్నీ పేపర్లో చదివిన దాన్నే. ఎనభయ్యేళ్ల తల్లిని ఆ సీట్లో కూర్చోపెట్టేటప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రేమగా చూసుకునే వస్తువుకి మనం పరీక్ష పెట్టం. ఆ తప్పు నాది.

అయినా రిపేరు ఆశ చావలేదు. ముందువైపు అడ్డంగా ఉండే క్రాస్ మెంబరు మొత్తం మారిస్తే ఆ అంగుళమున్నర సర్దుకుంటుందేమోనని ఎవరో అన్నారు. అది దొరికితే బెజవాడ ఆటోనగర్‌లోనే దొరకాలి. అక్టోబరు మొదట్లో వెళ్లాను.

అప్పటికి నెల కిందట, సెప్టెంబరు 1న, బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం చుట్టుపక్కల పేటలన్నీ మునిగాయి. ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు చూసినా మునిగి తేలిన బళ్లే. తలుపుల మీద, అద్దాల మీద నీళ్లు నిలిచిన ఎత్తుకి అడ్డంగా బురద గీత. సీట్లు ఊడదీసి ఎండలో పెట్టారు. లోపలి పట్టాలు తాళ్ల మీద బట్టల్లా వేలాడుతున్నాయి. ఎంత కడిగినా పోని బురద కంపు. ప్రతి బండి పక్కనా ఒక మనిషి నిలబడి మేస్త్రి నోటి వైపు చూస్తున్నాడు. నేను అడగడానికి వచ్చిన ప్రశ్నే అందరి దగ్గరా ఉంది. బాగు చేయించాలా, వదిలేయాలా?

ఒక షెడ్డులో ఆటో ఇంజను విప్పి బల్ల మీద పెట్టారు. ఆటోవాలా సింగ్‌నగర్ మనిషి. నీళ్లు తీసిన రోజు ఆత్రం ఆపుకోలేక స్టార్ట్ చేసి చూశాడట. నీట మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లో గాలైతే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ తోసిన తోపుకి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయన వంగిన రాడ్డుని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇంకా వాయిదాలు తీరలేదు. ఆ ఆటో మీద ఆయనకి ఎంత మమకారం ఉందో నాకు తెలియదు. వెనక అద్దం మీద ఇద్దరు పిల్లల పేర్లు రాయించుకున్నాడు. కానీ ఆయన మేస్త్రిని అడిగింది ఒక్కటే, "ఎప్పటికి రోడ్డెక్కుద్దన్నా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ రెండు నెలల్లో నా కారు గురించి ఎంత పెడుతుంది, ఎవరు చేస్తారు, నాన్న ఏమనుకుంటారు అని ఎన్నో అడిగాను. అది ఏ పని చేయడానికి మళ్లీ రోడ్డెక్కాలి అన్నది అడగలేదు. ఆయన ప్రశ్నలో ఒక ఇంటి అన్నం ఉంది. నా ప్రశ్నలో ఏముందో తేల్చుకోకుండా క్రాస్ మెంబరు కొనబుద్ధి కాలేదు. ఒకటి దొరికింది కూడా. బేరమాడకుండా వెనక్కొచ్చేశాను.

దారిలో ఎందుకో గుంటుపల్లి గుర్తొచ్చింది. కామవరపుకోట దగ్గర కొండ మీది బౌద్ధ గుహలు. చిన్న తరగతుల్లో ఉన్న తమ్ముణ్ని, నన్నూ నాన్న ఇదే కారులో తీసుకెళ్లారు. అక్కడ రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. కప్పు లోపలి వైపు చూస్తే చెక్క వాసాలు పరిచినట్టు చారలుంటాయి. చెక్క ఒక్కటీ లేదు, అంతా రాయే. చెక్కతో కట్టిన చైత్యాల రూపం పోకూడదని శిల్పులు రాతిలో దాన్ని నిలబెట్టారు. బౌద్ధుల దగ్గరే ఇంకో కథ ఉంది. మిళిందుడనే యవన రాజు నాగసేన భిక్షువు దగ్గరికి రథమెక్కి వస్తాడు. చక్రాలా రథమంటే, ఇరుసా, నొగలా, కాడా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. ఏదీ కాదు, అన్నీ కలిసిన దానికి పెట్టుకున్న పేరు అని రాజుచేతే ఒప్పిస్తాడు. కాలేజీలో పిల్లలకి ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. కానీ రాజు రథం బయట చెక్కుచెదరకుండా నిలబడి ఉండగా జరిగిన మాటలవి. విరిగిన రథం ముందు నిలబడ్డవాళ్లకి నాగసేనుడి మాట ఓదార్పు కాదు, పనిముట్టు. పేరు ఒక్కటే, ముక్కలు అనేకం. అయితే ముక్కల సంగతి విడివిడిగా చూడొచ్చన్నమాట.

ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. బెజవాడలో చూసింది చెప్పాను. వినీ వినీ, "ఆ నీళ్లే కదే మన రోడ్డెక్కిందీ" అంది.

అవును. బుడమేరు బెజవాడలో ఆగదు. తమ్మిలేరు లాగే అదీ కొల్లేట్లోకే వస్తుంది. వాటినన్నిటినీ పట్టుకుని నిలిపి, నెమ్మదిగా ఉప్పుటేరు గుండా సముద్రంలోకి వదలడం కొల్లేరు చేసే పని. చేపల చెరువుల గట్లు లేచాక ఆ పనికి చోటు తగ్గిపోయింది. సెప్టెంబరులో ఏలూరు కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగాయి. అమ్మది కొల్లేటి లంక ఊరు. కొల్లేటిని 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చారు. ఆ పేల్చిన వాటిలో మా మేనమామల చెరువూ ఉంది. ఆ రోజు అమ్మ ఏడ్చింది. తోడబుట్టినవాళ్ల కూడు పోయిందని ఏడ్చింది. ఆ ఏడుపు న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. గట్లు పగలగొట్టినవాళ్లు ఆ కుటుంబాలకి మరో పని చూపించి ఉండాల్సింది. కానీ అదే అమ్మ ఈసారి రోడ్డు మీది నీళ్లు టీవీలో చూసి, "కొల్లేటికి దాని పని దానికియ్యకపోతే ఇంతే" అంది.

తర్వాత తనంతట తనే వాళ్ల నాన్న దోనె సంగతి ఎత్తుకుంది. తాటి మొద్దులు తొలిచి రెండిటిని జోడించిన దోనె. రోడ్లు లేని రోజుల్లో బడికి, సంతకి, పెద్దింట్లమ్మ జాతరకి అందులోనే. పగులిస్తే గుడ్డపేలికలు కుక్కి తారు పూసేవారు. ఎన్నిసార్లయినా పూసేవారు. అడుగు మెత్తబడి వేలు దిగబడే రోజు వచ్చాక మాత్రం తాతయ్య దాన్ని నీళ్లలోకి దించలేదు. కోసి, బాగున్న సగాన్ని గేదెల కుడితికి తొట్టి చేశాడు. ఇంకో సగం బోదె మీద అడ్డంగా వేస్తే దాటడానికి వంతెనయింది.

"తాతయ్యకి బాధనిపించలేదా?" అన్నాను.

"ఎందుకనిపించదూ. పెళ్లయి నేను కాపరానికెళ్లింది కూడా ఆ దోనెలోనే." కట్టు విప్పిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కాసేపు రుద్దుకుంది. "మీ నాన్న కారుకి ఇప్పుడేం పనుందే?"

వెతికాను. నన్ను కాలేజీకి తీసుకెళ్లడం, బస్సు చేస్తుంది. అమ్మని కొల్లేటికి, గూడేనికి తిప్పడం, అది ఇక చేయకూడదు. లక్షా నలభై వేలు పోసి నిలబెడితే చేయగల పని ఒక్కటే మిగిలింది. వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని, నాన్న కారని చెప్పించుకోవడం. నిజం చెప్పాలంటే నా మనసు మొదటి నుంచీ కోరుకున్నది అదే. బాగు చేయించడమూ కాదు, కొత్తది కొనడమూ కాదు, పోనివ్వకుండా ఉండటం. మా వీధిలో అలాంటి కారొకటి ఉంది. టైర్లు నేలలోకి దిగబడి, లోపల కుక్క ఈనింది. ఇంటివాళ్లు దాని పక్క నుంచి పోతూ తల తిప్పుకుంటారు. ఉల్లిపాయల సంచులు మోసిన బండికి ఆ గతి పట్టించడం నాకు చేతకాలేదు.

ఉంగుటూరు దగ్గర ఒకాయన ఇంకా అంబాసిడర్ బాడుగకి తిప్పుతున్నాడని మేస్త్రికి తెలుసు. తెల్ల బండి. దానికి ఇంజనూ గేరుబాక్సూ అరిగిపోయాయి, ఎడం పక్క తలుపు తుప్పు పట్టి ఊడిపోయే స్థితిలో ఉంది. మాకున్నవి ఆ మూడూ బాగున్నవే. ఆయన వచ్చి చూసుకున్నాడు. ఇంజను పాట విని తలూపాడు. వెనక సీటు ఎత్తినప్పుడు అడుగున ఎండిపోయిన ఉల్లిపొట్టు గుప్పెడు కనిపించింది. ఆయన ఊడ్చేయబోతే మేస్త్రి వద్దని నా వైపు చూశాడు. నేనే ఊడ్చాను.

పనికి రాకుండా పోయిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఛాసిస్ నంబరున్న ముక్కని కోయించి కాగితాలతో పాటు పట్టుకెళ్లాను. అరచేతిలో పట్టేంత రేకు. ఈ రెండు నెలల్లో నాకు కన్నీళ్లొచ్చింది అక్కడే, కౌంటరు ముందు. లోపలున్న గుమాస్తా కాగితాల్లో పేరు చూసి, "మీ నాన్నగారిదాండీ" అని, నేను తేరుకునేదాకా స్టాంపు వేయకుండా ఆగాడు.

తమ్ముడూ నేనూ కలిసి చేతులు మారిన కారొకటి కొన్నాం. ఎయిర్‌బ్యాగులు రెండున్నాయి, బెల్టు పెట్టుకోకపోతే అరుస్తుంది. అమ్మకి ఆ అరుపు నచ్చదు. పెట్టుకుంటుంది. మిగిలిన రేకంతా తూకానికి వెళ్లింది. ఆ డబ్బు నేను ముట్టుకోలేదు, పెద్దింట్లమ్మ హుండీలో వేసింది అమ్మ.

మాఘమాసంలో తాడేపల్లిగూడెంలో పెళ్లికి బయల్దేరాం. కైకరం దగ్గర టీ కోసం రోడ్డు వారగా ఆపాను. అమ్మ దిగలేదు. నేను గ్లాసు అందిస్తుంటే నా భుజం పక్క నుంచి రోడ్డు వైపు చూసి ఆగిపోయింది. తెల్ల అంబాసిడర్ ఒకటి గూడెం వైపు మెల్లగా పోతోంది. ముందు ఎడం తలుపు ఒక్కటీ లేత నీలం. ఇంకా రంగు వేయించలేదు.

అమ్మ కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఎడం చేత్తో చూపించి, "మన తలుపే" అంది.

లోపల ఎవరో పెద్దావిడ ఉంది. ఒళ్లో చేతిసంచి, అద్దం దించి ఉంది, మోచెయ్యి తలుపు మీద ఆనించుకుంది.